రెండు గుమ్మాల గోడకి రాయి

1967 జనవరి 29, ఆదివారం

పెద్దోడు జగ్గారావు పొద్దున్న టీ గ్లాసు పట్టుకుని వీధిలోకెళ్ళి, ఇంటి వైపు తిరిగి చాలాసేపు నిలబడినాడు. ఏటయిందిరా అంటే, "అమ్మా, ముందు గోడకి రాయి తొడిగిద్దామనుకుంటున్నాను" అన్నాడు.

"గోడకి తొడగడానికి అవేటిరా, గాజులా?" అన్నాను.

నవ్వినాడు. వాడు నవ్వి ఎన్నాళ్ళయిందో. ఇటికల గోడ మీద పల్చటి రాతి పలకలు సిమెంటుతో అంటిస్తారట. చూసినోళ్ళకి ఇల్లంతా రాతితో కట్టినట్టే ఉంటాదట. వానలొస్తే మా గోడకి ఉప్పు పట్టి సున్నం పొరలు పొరలుగా రాలిపోతాది, ఇక్కడి బెంగాలీవోళ్ళు నోనా అంటారు, ఆ పీడ కనబడదట. రైల్వే వర్క్‌షాపులో వాడికి ఛార్జ్‌మాన్ ప్రమోషన్ వచ్చినాక నలుగురూ ఇంటికి వస్తున్నారు. అదీ ఉన్నాది వాడి లోపల.

మంచిదే కదా. మంచిదే. కానీ ఆ గోడ పెద్దోడి ఒక్కడిదా? వాళ్ళ నాన్న రిటైరయినాక ఈ రైల్వే ఊళ్ళో పూరీ గేట్‌ పేటలో ఈ ఇల్లు కట్టినప్పుడు కొడుకులిద్దరికీ రెండు గుమ్మాలు పెట్టి, ముందు గోడ మాత్రం ఒక్కటే కట్టించినారు. దక్షిణం గుమ్మం పెద్దోడిది. ఉత్తరం గుమ్మం చిన్నోడు నూకయ్యది. పొయ్యిలు వేరు. నేను పెద్దోడింట్లో తింటాను, చిన్నోడింట్లో పడుకుంటాను. ఆయన పోయినకాడి నుంచీ ఇలాగే సరిపెట్టుకొస్తున్నాను. ఇద్దరికీ తల్లినే అని వీధికి తెలియాలి కదా.

రాయి ఎంతవరకు వేస్తావని అడగాలనుకున్నాను. అడగలేదు.

జనవరి 31, మంగళవారం

రాయి బరువుకి గోడ కూలితేనో? చిన్నోడి బుల్లోడి ఉయ్యాల ఆ గోడ పక్కనే ఉన్నాది.

ఫిబ్రవరి 5, ఆదివారం

హారాధన్ మిస్త్రీ వచ్చినాడు. బెంగాలీవోడే గానీ మనోళ్ళ ఇళ్ళు కట్టీ కట్టీ మన మాట బాగానే వచ్చినాది. సుత్తి వెనక్కి తిప్పి గోడంతా టకటకా కొట్టుకుంటా వెళ్ళినాడు. కొన్నిచోట్ల డొల్ల శబ్దం వచ్చినాది. ఆ పూతంతా చెక్కేసి, ఇటిక కనబడేదాకా గీకి, తడిపి, అప్పుడు కింద నుంచి పైకి వరస మీద వరస వెయ్యాలన్నాడు. ఒక్కరోజులో నాలుగు వరసల కంటే వెయ్యకూడదట, సిమెంటు ఆరకుండా పైబరువు పడితే జారుతాదట. రాయి ఘాట్‌శిలా వైపు నుంచి లారీలో తెప్పించాలట. ఒకేసారి తెప్పించాలి, రెండోసారి తెస్తే రంగు కలవదు అన్నాడు.

కూలదు కదా బాబూ అని నేను నాలుగుసార్లు అడిగినాను. "మాయీజీ, ఈ గోడ మీద ఏనుగుని నిలబెట్టు, కూలితే నన్నడుగు" అన్నాడు. ఏనుగుని నిలబెట్టమంటే నాకు ఇంకా భయమేసింది.

అప్పుడు పెద్దోడు చెప్పినాడు. "ఇక్కడిదాకా చాలు" అని గోడకి నడిమిన చెయ్యి పెట్టినాడు. రెండు గుమ్మాలకీ సరిగ్గా మధ్యన.

హారాధన్ బీడీ తీసినాడు, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. "దాదా, రాయిని ఆపాలంటే మూల కావాలి. సాఫు గోడ మీద సగంలో ఆపితే ఏమవుతాది? రాయి మందం అంతా అంచుకి కనబడతాది. పుండుకి కట్టు కట్టినట్టు ఉంటాది. వేస్తే ఈ మూల నుంచి ఆ మూలకి వేసుకో. లేకపోతే సున్నం కొట్టుకో."

"అవతల సగం నాది కాదు" అన్నాడు పెద్దోడు.

"నీ తమ్ముడిదేగా!"

మిస్త్రీ నా వైపు చూసినాడు. నేను మూలనున్న తులసి కేసి చూసినాను.

తోడబుట్టినోణ్ణి ఒక్కమాట అడగడానికి వీడికి ఏటి కష్టం? పెద్దోణ్ణి కదా, నేనెందుకు అడగాలి అనుకుంటాడు. వాళ్ళ నాన్న పోలిక.

ఫిబ్రవరి 8, బుధవారం

పెద్ద కోడలు కోటేశ్వరిని మంచి చేసుకుందామని కూర తరుగుతా మెల్లగా ఎత్తినాను. ఇంటి పని మొదలెట్టేటప్పుడు తోడికోడలిని బొట్టు పెట్టి పిలవడం మర్యాద కదమ్మా, ఒక్కసారి అవతల గుమ్మంలోకి వెళ్ళి శ్యామలకి బొట్టు పెట్టి, గోడకి రాయి వేస్తున్నాము, మీ వైపు కూడా వేస్తాము అని చెప్పిరా అన్నాను.

కత్తిపీట పక్కకి తోసేసినాది. "నేనెందుకెళ్తాను అత్తా? బుల్లోడి బారసాలకి వీధి వీధంతా బొట్టు పెట్టి పిలిచినాది. ఎదురింటి కిరస్తానీ ఎస్తేరమ్మకి బొట్టు లేకపోయినా గుమ్మంలో నిలబడి పిలిచినాది. నన్ను పిలిచినాదా? గొడ్డుదాన్ని, నా చెయ్యి పడితే ఉయ్యాల ఊగదనే కదా."

పెళ్ళయి ఇన్నేళ్ళయినా దానికి కడుపు పండలేదు. ఆ మాట అది నోటితో అనడం ఎప్పుడూ వినలేదు.

శ్యామల మాట నాకు తెలుసు. బారసాల మర్నాడే నాతో అన్నాది. "అక్క రాలేదేటి అత్తా? ఒకింట్లో మనుషులకి బొట్టు పెట్టి పిలుస్తారా? నేను ఆవిడని ఇంటి మనిషి అనుకున్నాను గానీ చుట్టం అనుకోలేదు." అని ఏడ్చినాది కూడా.

ఇద్దరి మాటా నేనే విన్నాను. ఇటు మాట అటు వెయ్యలేదు, అటు మాట ఇటు వెయ్యలేదు. వేస్తే పెరుగుతాదేమోనని. ఈవేళ కూడా చెప్పబోయినాను. ఇంతలో పాలవాడు వచ్చినాడు.

ఫిబ్రవరి 12, ఆదివారం

చిన్నోడు బుల్లోణ్ణి ఎత్తుకుని ఆడిస్తా, మాటల్లో మాటగా అన్నాడు. లోకో షెడ్డులో వాడికి రైల్వే క్వార్టర్ వంతు వచ్చినాదట, లైను అవతల సౌత్ సైడ్‌లో. తీసుకుంటావా అన్నాను. "తీసుకోనులే అమ్మా. ఇల్లుండగా ఎందుకు? కానీ అన్నయ్య గోడకి సగం దాకా గీత గీసినాడట కదా. మిస్త్రీ మా షెడ్డులో పనిచేసే వాళ్ళ బావమరిదికి చెప్పినాడు. ఊరందరికీ చెప్పి నాకే చెప్పలేదు."

"వేస్తాడురా, మొత్తం వేస్తాడు. నిన్ను అడుగుతాడు" అన్నాను.

"అడగమను. ఒక్కమాట అడిగితే చాలు. నా గుమ్మం ముందు సగం రాయి, సగం సున్నం పెట్టుకుని ఈ వీధిలో నేను బతకలేను."

సగంలో గోడ ఆగితే వీడు వెళ్ళిపోతాడు. నాకు తెలుసు. వీడు అనడు, చేస్తాడు.

ఫిబ్రవరి 14, మంగళవారం

పెద్దోడితో చెప్పేసినాను. "నూకయ్య ఒప్పుకున్నాడురా, మొత్తానికి రాయి చెప్పెయ్యి" అన్నాను. "వాడు అన్నాడా?" అన్నాడు. అన్నాడు అన్నాను. ఒకలాగ అన్నట్టే కదా. అడిగితే చాలన్నాడు. ఒప్పుకోను అని అనలేదు.

పెద్దోడి ముఖం వెలిగినాది. వాడికీ లోపల అదే ఉన్నాది. పిచ్చి పిల్లలు.

ఫిబ్రవరి 19, ఆదివారం

లారీ వచ్చినాది. రాళ్ళు నల్లగా, అక్కడక్కడ తుప్పు రంగు చారలు. నాకు బొగ్గులా కనబడినాయి, నీళ్ళు కొట్టగానే మెరిసినాయి. హారాధన్ గోడకి ఎత్తకముందే వీధిలో నేల మీద పరిచి చూసుకుంటాడట. మూలకి తిరిగే రాళ్ళు ముందు, పెద్దవీ చిన్నవీ కలిపి, అతుకు మీద అతుకు పడకుండా. ముగ్గు వేసేటప్పుడు చుక్కలు పెట్టుకున్నట్టే. పెద్దోడు పంచె ఎగ్గట్టి తనూ పరిచినాడు. ఈ గుమ్మం ముందు నుంచి ఆ గుమ్మం ముందుదాకా పరిచినారు. ఎస్తేరమ్మ చూసి "జోగమ్మా, నీ ఇల్లు పడుకున్నాదే నేల మీద!" అన్నాది. అందరూ నవ్వినారు.

శ్యామల కిటికీ సందులోంచి చూస్తున్నాది. బయటికి రాలేదు.

బుధవారం పని మొదలు. ఇంకా ఎవరూ ఎవరినీ అడగలేదు.

ఫిబ్రవరి 21, మంగళవారం

నేనే వెళ్ళినాను.

నేను బొట్టు పెట్టకూడదు. ఆయన పోయినకాడి నుంచీ కుంకుమ బరిణె ముట్టుకోలేదు. పెట్టెలోంచి తీసి, కొంగులో పట్టుకుని, ఉత్తరం గుమ్మం మీద పెట్టినాను. "అమ్మా శ్యామలా, నీ తోడికోడలు పంపినాది. రేపు గోడకి రాయి మొదలెడతారు, మీ వైపు కూడా వేస్తారు, నిన్ను పిలవమన్నాది. నువ్వే పెట్టుకో తల్లీ" అన్నాను.

ఆ పిల్ల బరిణె కేసి చూసి, "అక్క రాలేదేటి అత్తా మరి?" అన్నాది.

అప్పుడు నోట్లోంచి వచ్చేసినాది. "బయట కూర్చున్నాదమ్మా. నీళ్ళు పోసుకునేదాకా ఆగితే ముహూర్తం దాటిపోతాది. నోటిమాట దానిది, బరిణె నాది."

శ్యామల కళ్ళు తుడుచుకున్నాది. అద్దం కూడా చూసుకోకుండా బొట్టు పెట్టుకున్నాది. వంకరగా పడినాది. "ఇన్నాళ్ళకి నన్ను తలుచుకున్నాది" అన్నాది. నాకు బెల్లం ముక్క ఇచ్చినాది.

ఎవరికీ చెడు చెయ్యలేదు కదా నేను. ఇద్దరినీ కలిపినాను.

ఫిబ్రవరి 22, బుధవారం

దక్షిణం మూల నుంచి పని మొదలయింది, ముందు ఈ సగం పైదాకా, తరువాత ఆ సగం. చిన్నోడు డ్యూటీకి వెళ్తా ఆగి, ఒక రాయి ఎత్తి హారాధన్‌కి అందించినాడు. పెద్దోడు చూసినాడు. ఇద్దరూ మాట్లాడుకోలేదు, కానీ రాయి అందించినాడు. అన్నం రుచిగా ఉన్నాది ఈవేళ.

ఫిబ్రవరి 24, శుక్రవారం

భగవంతుడా.

ఫిబ్రవరి 25, శనివారం

నిన్న రాయలేకపోయినాను.

నిన్న పొద్దున్న వీధి కుళాయి దగ్గర కోటేశ్వరి బిందె పట్టుకుంటున్నాది. నేను గుమ్మంలో కూర్చుని చూస్తున్నాను. శ్యామల వచ్చినాది. నవ్వుకుంటా వచ్చినాది. నెలల తరబడి పలకరింపు లేని పిల్ల, తనే ముందు పలకరించినాది.

"అదేటక్కా, అప్పుడే తలంటుకుని వచ్చేసినావా? మొన్ననే కదా బయటున్నావని అత్త అన్నాది."

ఎస్తేరమ్మ వెనక నిలబడి ఉన్నాది. హాస్యానికే అన్నాది, నాకు తెలుసు. "ఓలమ్మా, అయితే నా బిందె కూడా ముట్టుకున్నావే! పోన్లే, నన్ను ప్రభువు చూసుకుంటాడు, మీ దేవుళ్ళకి నువ్వే చెప్పుకో." కుళాయి దగ్గరున్న ఆడోళ్ళందరూ గొల్లున నవ్వినారు.

కోటేశ్వరి బిందె దించేసినాది. "నేను బయటున్నానని వీధిలో టముకు వెయ్యడానికి నువ్వెవరివే?"

"అదేటక్కా, నువ్వే కదా బొట్టు పంపినావు..."

"ఎవరు పంపినారు? నేను ఎవరికీ బొట్టు పంపలేదు. నువ్వు నన్ను పిలవలేదు, నేను నిన్ను పిలవను."

శ్యామల నా వైపు తిరిగి చూసినాది. కోటేశ్వరి కూడా చూసినాది. నేను లేవాలి. లేచి, నేనే అన్నాను, నాదే తప్పు అనాలి. బుల్లోడు ఏడుస్తున్నాడని లోపలికి వెళ్ళినాను. వాడు నిద్రపోతున్నాడు.

తరువాత కోటేశ్వరి వంటింట్లో నా దగ్గరకొచ్చినాది. గట్టిగా అరవలేదు. "ఇంకేదైనా అబద్ధం ఆడకపోయినావా అత్తా? జ్వరం అనొచ్చు. ఆ మాటే దొరికినాదా నా మీద వెయ్యడానికి? ఈ నెల నాకు..." అని ఆగిపోయినాది. పొయ్యి కేసి తిరిగిపోయినాది.

నాకు తెలియదమ్మా. నాకు తెలియదు.

ఫిబ్రవరి 27, సోమవారం

సాయంత్రం చిన్నోడు దక్షిణం గుమ్మం దగ్గరకొచ్చినాడు. "అన్నయ్యా, నా గోడకి రాయి వెయ్యమని నేను ఎప్పుడు చెప్పినాను?"

"నువ్వు ఒప్పుకున్నావని అమ్మ చెప్పినాది."

"అమ్మ చెప్తే నీ నోరు ఏటయింది? నా గుమ్మం నీకు అంత దూరమా?"

"నీకు నా గుమ్మం దగ్గరయిందా? నీ పెళ్ళాం వీధిలో నా ఇంటి ఆడదాని పరువు తీస్తే..."

మిస్త్రీ పనివాళ్ళు తాపీలు పట్టుకుని వింటున్నారు. పని నడిమిన ఆగిపోయింది. సరిగ్గా పెద్దోడు మొదట చెయ్యి పెట్టిన చోటే.

మార్చి 3, శుక్రవారం

కోటేశ్వరి ఈవేళ వంటింట్లోకి రాలేదు. పెరట్లో చాప వేసుకుని గోడ వైపు తిరిగి కూర్చున్నాది. నేనే వండినాను. అన్నం కంచం దూరంగా పెట్టి వచ్చినాను. ముట్టుకోలేదు.

మార్చి 4

నా నోరు పడిపోనూ.

మార్చి 12, ఆదివారం

సగం గోడ రాయి, సగం గోడ చెక్కిన ఇటిక. వీధిలో వెళ్ళేవాళ్ళు ఆగి చూస్తున్నారు. గోల్‌బజార్ నుంచి వచ్చే రిక్షావోడు కూడా చూస్తాడు. మిగిలిన రాళ్ళు చిన్నోడి గుమ్మం ముందు నేల మీద అలాగే పరిచి ఉన్నాయి. శ్యామల వాటిని దాటుకుని నీళ్ళకి వెళ్తాది.

మార్చి 15, బుధవారం

చిన్నోడికి అంతా చెప్పేసినాను. బొట్టు సంగతి, బయట ఉన్నాదన్న మాట, వాడు ఒప్పుకున్నాడని పెద్దోడికి చెప్పిన మాట. బారసాల నాటి రెండు మాటలు కూడా చెప్పినాను, ఇది అన్నదీ అది అన్నదీ. చెప్తే వాడు లేచి అన్నయ్య దగ్గరకి వెళ్తాడనుకున్నాను.

వాడు లేవలేదు. "ఈ రెండు మాటలూ ఆ రోజే చెప్పుంటే సరిపోయేది కదమ్మా. నిజం చెప్పడానికి అంత భయపడ్డావు. అబద్ధం మాత్రం బరిణెతో సహా పట్టుకొచ్చినావు."

"మీరు విడిపోతారని భయంరా."

"తెలుసమ్మా." కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది. "క్వార్టర్‌కి సంతకం పెట్టేసినాను. మొన్ననే."

పెద్దోడికి కూడా చెప్పాలి. కోటేశ్వరి కాళ్ళు పట్టుకునైనా చెప్పాలి, శ్యామల నిన్ను ఇంటి మనిషి అనుకున్నాదే అని. రేపు చెప్తాను.

మార్చి 16

పెద్దోడికి ఓవర్‌టైమ్. కోటేశ్వరికి తలనొప్పి.

మార్చి 23, గురువారం

కోటేశ్వరితో చెప్పినాను. పెరట్లో బట్టలు ఆరేస్తా విన్నాది. ఆఖరికి, "ఇంటి మనిషి అన్నాదా?" అని అడిగినాది. అన్నాదమ్మా, ఏడ్చినాది కూడా అన్నాను. తడి చీర దండెం మీద వేసి, మడతలు సరిచేసి, మళ్ళీ తీసి మళ్ళీ వేసినాది. "ఇప్పుడు చెప్పి ఏటి లాభం అత్తా? సామాను కట్టేసినారు" అన్నాది.

నిజమే. ట్రంకు పెట్టె చప్పుడు గోడలోంచి నాకూ వినబడుతున్నాది.

ఏప్రిల్ 16, ఆదివారం

ఉగాది వెళ్ళినాక మంచి రోజు చూసుకుని ఈవేళ వెళ్ళిపోయినారు. రెండు రిక్షాలు. ఉయ్యాల విప్పి పైన కట్టినారు. పెద్దోడు ఆదివారమైనా పొద్దున్నే డ్యూటీ ఉందని వెళ్ళిపోయినాడు. వెళ్ళే ముందు శ్యామల నాకు దండం పెట్టి, "వచ్చి ఉండండి అత్తా మా దగ్గర" అన్నాది. వస్తాను అన్నాను. సౌత్ సైడ్ ఏమంత దూరం కాదు. లైను దాటితే అక్కడే.

కోటేశ్వరి గుమ్మంలోకి వచ్చినాది. బుల్లోడు చెయ్యి చాపినాడు, ఎవరికైనా చాపుతాడు వాడు. అది తన చెయ్యి చాపబోయి ఆగినాది. రిక్షా కదిలిపోయింది.

ఏప్రిల్ 20, గురువారం

హారాధన్ మళ్ళీ వచ్చినాడు. పెద్దోడు "మొత్తం వేసెయ్" అన్నాడు. అంతే అన్నాడు.

"తమ్ముడు?" అన్నాడు హారాధన్.

"ఇప్పుడు ఎవరినీ అడగక్కర్లేదు."

ఏప్రిల్ 28, శుక్రవారం

పని అయిపోయింది. ఈ మూల నుంచి ఆ మూలకి ఒకటే రాయి. మూలల దగ్గర తిప్పిన తీరు చూసి పక్కవీధి వాళ్ళు కూడా మెచ్చుకున్నారు. "ఎంత పెద్ద ఇల్లు జోగమ్మా మీది!" అన్నాది ఎస్తేరమ్మ. అవును, వెనకటి కంటే పెద్దదిగా కనబడతాది.

నా మంచం చిన్నోడి గదిలోనే ఉన్నాది. రాత్రి అక్కడే పడుకుంటాను, ఎవరో ఒకరు దీపం పెట్టాలి కదా. పెద్దోడు ఇటు వచ్చెయ్యమంటున్నాడు. వస్తానులే అంటున్నాను.

మే 7, ఆదివారం

చిన్నోడు వచ్చినాడు. ఒక్కడే. బుల్లోడికి కొంచెం ఒళ్ళు వెచ్చగా ఉన్నాదట, శ్యామల రాలేదు.

నేను దక్షిణం గుమ్మంలోనే కూర్చుని ఉన్నాను. వీధిలో సైకిలు ఆపి గోడంతా చూసినాడు. "బాగా కుదిరినాదమ్మా. ఎక్కడ ఆపి ఎక్కడ మొదలెట్టినాడో తెలియట్లేదు" అన్నాడు. సైకిలు గోడకి ఆనించబోయి, రాయికి గీత పడుతుందేమోనని స్టాండు వేసినాడు.

చెప్పులు విప్పినాడు. విప్పి అక్కడే నిలబడినాడు. నేను పక్కకి జరిగినాను, లోపలికి వస్తాడని. రాలేదు. జేబులోంచి రుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు, లోపలికి చూసినాడు, మళ్ళీ వీధి వైపు చూసినాడు. వాడికి ఏటి కావాలో నాకు అర్థం కాలేదు. తరువాత అర్థమయింది. ఎవరైనా రమ్మనాలి.

"వచ్చి కూర్చోరా" అందామనుకున్నాను. కన్నకొడుకుని రమ్మని పిలవడం నోటికి రాలేదు.

కోటేశ్వరి లోపల్నుంచి చూసినాది. "రా నూకయ్యా, ఎండలో నిలబడినావేటి, కూర్చో" అని కుర్చీ తుడిచి వేసినాది. మంచిగానే అన్నాది. నిజంగానే మంచిగా అన్నాది. అప్పుడు వచ్చినాడు.

పెద్దోడు బనీనుతో పెరట్లో ఉన్నాడు. తమ్ముడొచ్చినాడని చెప్తే, చేతులు కడుక్కుని, గదిలోకి వెళ్ళి, చొక్కా వేసుకుని బొత్తాలన్నీ పెట్టుకుని వచ్చినాడు.

"క్వార్టర్లో నీళ్ళు బాగా వస్తున్నాయా?" అన్నాడు.

"వస్తున్నాయి అన్నయ్యా" అన్నాడు చిన్నోడు.